ఒక్క నూలు బయటికి

1986 ఫిబ్రవరి 10, సోమవారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి ఇది మొదలైంది. నాలుగూ పదికి మా వీధి కుళాయి వచ్చేది, నాలుగూ ఇరవైకి రెండో బిందె నిండేది. ఆ రెండో బిందె నిండుతుండగా మా ఆయన గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా నిలబడి, "ఏమే, తుపాకి ఇచ్చేయమంటున్నారు" అన్నారు. బిందె పొర్లిపోయింది.

తుపాకి మా మామగారిది. కర్ర మడమ, ఇనప బోల్టు ఉన్న పాతకాలపు రైఫిలు. శావల్యాపురం దగ్గర మా పొలానికి కాపలా అని ఆయన పేరున లైసెన్సు ఉండేది. ఆయన పోయాక మా ఆయన పేరున మారింది. నాకు తెలిసి దానితో ఏ ప్రాణినీ ఎవరూ కొట్టలేదు. పంటలో పడ్డ పందులు కూడా చప్పుడికి అలవాటుపడి, చేలోనే తల ఎత్తి చూసి మళ్ళీ తినేవట. అయినా మేం నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నాక అది మాతో పాటే వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటినుంచి తొమ్మిదింటిదాకా మా ఆయన దాన్ని చాప మీద పడుకోబెట్టి నూనె గుడ్డతో తుడిచేవారు.

ఆ రోజుల్లో పల్లెల్లో పార్టీల కొట్లాటలు జరుగుతున్నాయని లైసెన్సులన్నీ మళ్ళీ చూస్తున్నారు. ఆ పని చూసే ఆఫీసరు మర్యాదస్తుడు. మా ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాడట:

"ఓవర్సీరు గారూ, పొలం కౌలుకిచ్చారు, మీరు టౌన్లో ఉన్నారు. దీంతో ఏం చేస్తారు మీరు?"

మా ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలవ పనుల్లో ఓవర్సీరుగా చేసి ఒక్క అబద్ధపు కొలత రాయని మనిషి. "తుడుస్తానండి" అన్నారట.

ఆఫీసరు నవ్వలేదట. లైసెన్సు కాగితం తిరగేసి, "రైఫిల్ క్లబ్బులో మెంబరేగా మీరు? మార్చిలో వాళ్ళ పోటీ ఉంది, నేనూ వస్తాను. అయిదు గుండ్లు కాల్చి మూడు గురి అట్ట మీద పెట్టండి. ఆటకోసం ఉంచుకున్నారని రాసుకుంటాను. లేదంటే జమ చేసెయ్యండి. నాకు వేరే దారి లేదు" అన్నాడట.

ఇది చదివేవాళ్ళకి ఒక ఇనప తుపాకి ఉంటే ఎంత, పోతే ఎంత అనిపించొచ్చు. రిటైరైన మొదటి ఏడాది మా ఆయన్ని ఎవరూ ఏమనీ పిలవలేదు. పక్కింటి లాయరు మాజీ అయినా లాయరు గారే, వెనకింటి మేష్టారు మేష్టారు గారే. కాలవ దగ్గర లేని ఓవర్సీరుని ఓవర్సీరని ఎవరంటారు? ఒకసారి ఆయన వసారాలో తుపాకి తుడుస్తుండగా పాలవాడు చూశాడు. ఆ వారం నుంచి మా ఆయన తుపాకి ఓవర్సీరు గారు. మా ఇల్లు తుపాకి గారిల్లు. స్టేషన్లో దిగి రిక్షావాడితో ఆ మాట అంటే చాలు, తిన్నగా తెచ్చి గుమ్మం ముందు దింపేవాడు. శుభలేఖల మీద కూడా అలాగే రాసేవాళ్ళు. అది పోతే ఆయన మళ్ళీ ఎవరూ కాకుండా పోతారు. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం చెప్పులు విడవడం మర్చిపోయారు, అంతే.

అయిదింటికి మూడు అట్ట మీద పెట్టడం మామూలు తుపాకికి పెద్ద విషయం కాదు. మాది మామూలుది కాదు. పాత బారెలు లోపల తుప్పు తినేసిందని, రెండేళ్ళ ముందు, పర్మిషను కాగితాలతో మద్రాసులో లైసెన్సున్న తుపాకుల వాడి దగ్గర కొత్త బారెలు ప్రత్యేకంగా చేయించారు మా ఆయన. పది నెలలు పట్టింది. వచ్చింది తళతళలాడుతూ. వచ్చినప్పటినుంచీ కాల్చినవి ఏడు తూటాలు, అట్ట మీద పడ్డవి సున్న. ఒకటి మాత్రం పక్కవాడి అట్ట మీద పడింది. పక్కవాడు చానా సంతోషించాడు, వాడికి ఆ ఏడాది అదొక్కటే పదికి పది.

క్లబ్బు సెక్రటరీ నూలు వ్యాపారం చేసే శెట్టిగారు. షాపులో నూలు బేళ్ళ మధ్య కూర్చుని తుపాకుల పుస్తకాలు చదివే మనిషి. మా ఆయన పోయి మొర పెట్టుకుంటే ఇంటికి వచ్చి, బోల్టు తీసి, బారెల్లోకి ఒక కన్ను మూసి చూసి, నన్ను పిలిచి చెప్పాడు. మా ఆయనకి చెబితే అర్థం కాదని కాదు, ఆయన మధ్యలో కాలవల ఉదాహరణలు చెబుతారని.

"అమ్మా, తూటా అంటే ఇత్తడి డొప్ప, లోపల మందు, మూతి దగ్గర గుండు. గుండు డొప్పలోంచి ఊడి, బారెల్లో ఈ మెలితిరిగిన గాడులు అందుకునేదాకా కొంచెం దూరం ఒంటరిగా పోవాలి. మీ బారెల్లో ఆ దూరం ఎక్కువ పెట్టాడు వాడు. అరుగు మీంచి వీధిలోకి దూకినట్టు దూకుతోంది గుండు. మొహం ఎటు తిరుగుతుందో దానికే తెలవదు."

"అరుగు ఎత్తు తగ్గించలేంగా" అన్నాను.

"అరుగు తగ్గించలేం. గుండునే ముందుకి జరిపి కూర్చోబెట్టాలి. డొప్పలో ఎంత లోతున ఉంటుందో అది తగ్గించాలి. కొన్న తూటాల్లో కుదరదు. మనమే బిగించుకోవాలి."

క్లబ్బు మెంబర్లకి లైసెన్సు మీద ముద్ర వేయించుకుంటే తూటాలు సొంతంగా బిగించుకునే వీలుండేది. ముద్ర వేయించారు. మందు తూయడం, పోయడం శెట్టిగారి పని. అది ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. గుండు ఎంత లోతున కూర్చోవాలో చూడటం, కూర్చోబెట్టి బిగించడం నా పనైంది. మా ఆయన చేతులు రిటైరైనప్పటినుంచీ వణుకుతాయి. తుపాకి పట్టుకుంటే వణకవు. కాఫీ గ్లాసు పట్టుకుంటే, స్క్రూ పట్టుకుంటే వణుకుతాయి.

శెట్టిగారు అరువిచ్చిన ఆ పనిముట్టు అచ్చం జంతికల గొట్టమే. కింద డొప్ప పెట్టాలి, మీద గుండు పెట్టాలి, పైన పిడి తిప్పితే లోపలి కడ్డీ దిగి గుండుని నొక్కుతుంది. కడ్డీకి ఒక మెడ ఉంది. మెడ వచ్చి గొట్టం అంచుకి ఆనితే ఇక దిగదు. అంటే గుండు ఎంత లోపలికి పోవాలన్నది ఆ మెడ దగ్గర తేలుతుంది. మెడ కింద ఏదైనా పెడితే కడ్డీ అంత తక్కువ దిగుతుంది, గుండు అంత బయటికి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా జంతికలు వత్తుతున్నదాన్ని, ఇది నాకు ఒక్క చూపులో తెలిసింది. మా ఆయన దీనికి బొమ్మ గీసి, కొలతలు వేసి, పై నుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది అని రెండు కాగితాలు ఖరాబు చేశారు.

గుండు గాడులకి తగులుతోందో లేదో లోపలికి చూసి తెలుసుకోలేం. ముందు మందూ, మందుని అంటించే క్యాపూ లేని ఉత్త డొప్పకి గుండు బిగించి, గుండు మీద కాటుక రాసి, తుపాకిలో పెట్టి, బోల్టు వేసి, తీసి చూసేదాన్ని. కాటుక మీద గీతలు పడితే గాడులకి తగిలినట్టు. పడకపోతే దూరం ఉన్నట్టు. కాటుక ఆలోచన నాదే. శెట్టిగారి పుస్తకంలో కొవ్వొత్తి పొగ పట్టించమని ఉందట. ఇంట్లో భరిణె నిండా కాటుక పెట్టుకుని కొవ్వొత్తి వెలిగించడం ఎందుకు?

పక్కింటి కోడలు గోడ మీంచి చూసింది.

"ఏంది పిన్నీ, తూటాకి కాటుక పెడుతున్నావ్?"

"తగులుద్దేమోనని."

"దిష్టా?"

"గాడులు."

ఆ పిల్ల ఏం అర్థం చేసుకుందో గానీ, సాయంత్రానికి మా వీధి వీధంతా తుపాకి గారింట్లో తూటాలకి దిష్టి తీస్తున్నారని చెప్పుకున్నారు. ఒకావిడ వచ్చి ఎండుమిరపకాయలు కూడా వాడతారా అని అడిగింది. ఆ ఉత్త తూటాని పోపుల పెట్టెలో ఆవాల గదిలో దాచాను, మళ్ళీ మళ్ళీ కావాలి కదా అని. ఆవాలని మెంతుల గదిలోకి మార్చాను. దాంతో ఒక నెల మా ఇంట్లో అన్ని పోపులూ కొంచెం చేదుగానే ఉన్నాయి. మా ఆయన కిక్కురుమనకుండా తిన్నారు.

ప్రతి ఆదివారం శెట్టిగారి వ్యానులో కొండవీడు కొండ అడుగున క్లబ్బు మైదానానికి పోయి కాల్చేవాళ్ళు. వారం వారం నేను గుండుని కాస్త కాస్త బయటికి జరుపుతూ వచ్చాను. ఫిబ్రవరి 16న అట్ట మీద ఏవీ లేవు. 23న ఒకటి, అదీ అట్ట మూలకి, మేకు దగ్గర. మార్చి 2న రెండు. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఆయన వసారాలోంచే అరిచారు:

"ఏమే! ఇంకొక్క నూలు బయటికి పెట్టమన్నాడు శెట్టి! ఒక్క నూలు!"

"ఏ నూలు?" అన్నాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకీ నాకూ మధ్య నూలు గురించి పాత తగాదా ఉంది. కాలవ పనుల్లో, వడ్రంగంలో, ఇనప పనిలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎనిమిది నూళ్ళు ఒక అంగుళం. నేను నూలు అమ్మే ఇంట్లో పుట్టినదాన్ని. మాకు నూలంటే పోగు. ఈ ఇల్లు కట్టినప్పుడు వంటింటి తలుపు కింద "ఒక నూలు సందు" ఉంచమని ఆయన వడ్రంగికి చెబితే నేను సరేనన్నాను. పోగు మందం సందుకి ఎవరు కాదంటారు? పూర్తయ్యాక చూస్తే ఆ సందులోంచి బొద్దింకలు పక్కకి తిరక్కుండా వచ్చిపోయేవి. ఆ తలుపు కింద గోనె పట్టా ఇప్పటికీ ఉంది.

కాబట్టి నేను చీర మార్చుకుని నేరుగా శెట్టిగారి షాపుకి నడిచాను.

"నూలంటే ఏ నూలు శెట్టిగారూ?"

ఆయనకి ప్రశ్న ఎంత సబబుగా తోచిందంటే, లేచి నిలబడ్డాడు. "మంచి మాట అడిగావు తల్లీ. నలభై నంబరు. ఎనభై అయితే సన్నం, చాలదు. ఇరవై అయితే లావు, పోయి గాడులకి తగిలిద్ది." కట్టలోంచి ఒక పోగు లాగి, బెత్తెడు తెంపి, అరచేతిలో పెట్టాడు. "డబ్బులొద్దు. తుపాకి నిలబడితే చాలు."

ఆ పోగుని కడ్డీ మెడ కింద ఒక్క చుట్టు చుట్టి, కొసలు లక్కతో అంటించాను. ఉత్త తూటా బిగించి కాటుక పెట్టి చూశాను. గీత పడలేదు. ఇంకో పోగు చుట్టి చూస్తే పడింది. ఆ రెండో పోగు తీసేశాను. అంటే గుండుకీ గాడులకీ మధ్య ఇక మిగిలింది ఒక పోగు కంటే తక్కువ.

మార్చి 9, ఆదివారం. ఆ రోజు నేనూ వెళ్ళాను. అయిదు కాల్చారు. నాలుగు అట్ట మీద. అందులో మూడు, నేను వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను, నా అరచేతి కింద దాక్కున్నాయి. శెట్టిగారు అట్టని ఊడదీసి నెత్తిమీద పెట్టుకుని వ్యానుదాకా నడిచాడు. ఇంటికి వచ్చాక మా ఆయన కాఫీ అడిగారు. గ్లాసు పట్టుకుని మొత్తం తాగారు. ఒక్క చుక్క పంచె మీద పడలేదు. నేను చూస్తున్నానని తెలిసి గ్లాసు ఇంకాస్త పైకెత్తి చూపించారు.

పోటీ 16న. తూటాలు శుక్రవారమే బిగించేద్దామనుకుంటే శెట్టిగారికి ఆ రోజు నూలు లారీలు వచ్చాయి. శనివారం మందు పోసిస్తానన్నాడు. శనివారం చిలకలూరిపేటలో మా చెల్లెలి మనవడి బారసాల, నేను వెళ్ళక తప్పదు. మా ఆయనకి చెప్పాను:

"గొట్టం అంతా సరిచేసి పెట్టాను. మీరు ఏమీ కదపొద్దు. గుండు పెట్టడం, పిడి ఆగేదాకా తిప్పడం, అంతే. చెయ్యి వణికితే ఎవర్నైనా పిలవండి."

ఆ చివరి మాట నేను అనకుండా ఉండాల్సింది అని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. నేనైతే అనుకోను. చెయ్యి వణికితే ఎవర్నైనా పిలవాలి మరి.

ఆయన పిలిచింది మా ఎదురింటి లేతు మిషను సాయిబుని. నన్ను అక్కా అనీ ఆయన్ని బావా అనీ పిలిచేవాడు, మా ఇంట్లో కుంపటి కాలు నుంచి కుట్టు మిషను వరకూ అన్నీ అతని చేతిమీదే బాగయ్యేవి. తర్వాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పింది కలిపితే, జరిగింది ఇది.

శెట్టిగారు మందు పోసి, డొప్పలు ఆరు వరసగా పెట్టి, షాపుకి పోయాడు. సాయిబు గొట్టం చేతిలోకి తీసుకుని, పనిమంతుడు కదా, ముందు గుడ్డతో తుడిచాడు.

"బావా, ఇదేంది, లోపల దారం ఇరుక్కుంది!"

"దారమా?"

"ఇదిగో. మెడకి చుట్టుకుపోయింది. అక్క చీర పోగేమో." గోటితో గీకి లాగేశాడు. "ఇట్టాంటివి ఉంటే మిషను సరిగ్గా కూర్చోదు బావా."

మా ఆయన అప్పుడు ఆలోచించారు. ఆలోచించడమే పొరపాటు. "ఉండరా. శెట్టి ఒక నూలు బయటికి పెట్టమన్నాడు. మా ఆవిడ పెట్టానంది. ఎక్కడ పెట్టింది?"

ఇద్దరూ గొట్టాన్ని తిప్పి తిప్పి చూశారు. ఒక నూలు మందం ఉన్న వస్తువేదీ కనపడలేదు. అప్పుడు సాయిబు ఆ దారం ముక్క పైకెత్తి వెలుగులో చూశాడట.

"బావా... కొంపదీసి అక్క నూలంటే ఇదనుకుందా?"

ఇద్దరూ ఎంత నవ్వారంటే పక్కింటి కోడలు గోడ మీంచి తొంగి చూసిందట. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "నూలు వాళ్ళింటి పిల్లరా. పాపం, పోగు పెట్టింది" అన్నారట. నన్ను ఆయన పిల్ల అనడం పెళ్ళయ్యాక అదే మొదలూ చివరా. అది కూడా నా ఎదురుగా కాదు.

"మరి పోయిన ఆదివారం నాలుగు ఎట్టా పడ్డాయి బావా?"

"పోగుతోనే నాలుగు పడ్డాయంటే, అసలు నూలు పెడితే అయిదూ పడాల్సిందే కదా!"

ఇది ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రభుత్వానికి లెక్కలు రాసిన మనిషి లెక్క.

సాయిబు అరగంటలో ఇత్తడి రింగు తిప్పి తెచ్చాడు. మందం సరిగ్గా ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు. వెంట్రుకవాసి తేడా లేదు, నేను తర్వాత కొలిచాను. పాలిషు కూడా పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆరు తూటాలూ బిగించేశారు. కాటుక పెట్టి చూడాలని సాయిబుకి తెలియదు. మా ఆయనకి గుర్తొచ్చింది గానీ, అది ఆడవాళ్ళ పనని ఊరుకున్నారట. చివర్లో, శాస్త్రం కోసమని, ప్రతి గుండు మీదా ఒక బొట్టు కాటుక మాత్రం పెట్టారు.

ఆదివారం పొద్దున చిలకలూరిపేట నుంచి మొదటి బస్సు ఎక్కి, కొండవీడు మలుపులో దిగి, మైదానానికి నడిచాను. షామియానా వేశారు. మైకు పెట్టారు. శెట్టిగారు చేతిలో విజిల్, మెడలో బైనాక్యులర్సు. ఆఫీసరు ముందు వరసలో పూలదండతో ఉన్నాడు. సాయిబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. నన్ను చూడగానే ముసిముసి నవ్వులు నవ్వాడు.

"ఏందబ్బాయ్?" అన్నాను.

"ఏం లేదక్కా. చూడు ఇయ్యాళ బావ సంగతి."

మా ఆయన చాప మీద పడుకుని, తుపాకి భుజానికి ఆనించి, మొదటి తూటా పెట్టి బోల్టు తోశారు. బోల్టు పోలేదు. మళ్ళీ తోశారు. పోలేదు. అరచేతి మడమతో ఒక్కటి కొట్టారు. ముక్కీ మూలిగీ మూసుకుంది. ఆ చప్పుడు నాకు తెలుసు. బట్టలు ఎక్కువైనప్పుడు మా బీరువా తలుపు చేసే చప్పుడు అది. లేచి నిలబడ్డాను.

అదే క్షణాన కొండ చరియ మీంచి మేకల మంద అట్టల వెనక్కి దిగింది. ఒక మేక నేరుగా మూడో నంబరు అట్ట దగ్గరికి పోయి నమలడం మొదలుపెట్టింది. శెట్టిగారు విజిల్ ఊది మైకులో అరిచాడు:

"ఆపండి! అందరూ ఖాళీ చెయ్యండి! బోల్టులు తీసెయ్యండి!"

అందరూ తీశారు. మా ఆయన లాగారు, రాలేదు. రెండు చేతులతో లాగారు. టప్పున ఊడి వచ్చింది. డొప్ప మాత్రమే వచ్చింది. గుండు బారెల్లో గాడుల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. మూతి లేని డొప్పలోంచి మందు అంతా తుపాకిలోకీ, ఆయన చొక్కాలోకీ, చాప మీదకీ జలజలా రాలింది, చాటలోంచి నల్ల ఆవాలు ఒలికినట్టు.

మేకలు పోయాయి. అట్ట సగం తిని పోయాయి. మిగతావాళ్ళు కాల్చుకున్నారు. శెట్టిగారు మా ఆయన దగ్గరికి వచ్చి బారెల్లోకి చూసి తల పట్టుకున్నాడు.

"లోపల గుండు ఉండగా ఇంకోటి కాల్చకూడదు ఓవర్సీరు గారూ. అయిపోయింది. ఎట్టా జరిగింది ఇది?" అని పక్కనున్న తూటా తీసి చూశాడు. "ఇంత పొడుగేంది! ఎంత బయటికి పెట్టారు?"

"మీరు చెప్పినంతే. ఒక నూలు" అన్నారు మా ఆయన.

శెట్టిగారు చంకలో పెట్టుకొచ్చిన మైకు అలాగే ఉంది. ఆపడం మర్చిపోయాడు. అందువల్ల ఆ తర్వాత జరిగిన మాటలు కొండ కింద ఉన్న వాళ్ళందరికీ వినపడ్డాయి.

"ఇది నూలా? ఇది నూలు కాదయ్యా, తాడు!"

"నూలే. కొలుచుకో. అంగుళంలో ఎనిమిదో వంతు."

"నూలంటే పోగు! నలభై నంబరు! అమ్మకి నేనే చేతిలో పెట్టా!"

సాయిబు జనానికి అడ్డం కట్టిన తాడు దాటి మైదానంలోకి వచ్చేశాడు. "శెట్టిగారూ, లేతు మీద పోగు తిప్పమంటే ఎట్టా తిప్పేది? నూలంటే నూలే. కావాలంటే పావు నూలు చేసిస్తా!"

"పావు నూలు అంటే పావు పోగా?"

జనంలోంచి ఒక తాపీ మేస్త్రి లేచాడు. "ఎనిమిదో వంతేనండీ, సాయిబు చెప్పింది కరెక్టు." వెనక వరసలోంచి ఒక టైలరు లేచాడు. "మాకు నూలంటే దారం. అంగుళానికీ దానికీ సంబంధం లేదు." ఎవరో ముసలాయన, "మా తాతల నాడు నూలుకి బియ్యపు గింజని కొలతగా పెట్టేవాళ్ళు" అన్నాడు, అదెక్కడిదో నాకు తెలియదు. బియ్యం పొడుగా, వెడల్పా అని మా ఆయన ఆయన్ని అడిగారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

ఆఫీసరు పూలదండ తీసి కుర్చీ మీద పెట్టి వచ్చాడు. "అసలు నూలంటే ఎంత? ఎవరైనా ఒకరు చెప్పండి" అన్నాడు.

ఏడుగురు చెప్పారు. నాలుగు రకాలుగా చెప్పారు.

చివరికి నావైపు చూశాడు. చూపించడానికి ఏదైనా ఉంటే బాగుండేది గానీ, ఆ పోగు మా వసారాలో సాయిబు గోటితో గీకి పారేసిన చోటే ఉంది. "నలభై నంబరు పోగు మందమండీ. ఈ బారెలుకి అంతే" అన్నాను.

"ఈ బారెలుకి" అన్నాడు ఆఫీసరు, బారెలు వైపు చూస్తూ. "లోపల గుండున్న తుపాకిని ఇంటికి పంపలేనమ్మా. మా ఆయుధాల మెకానిక్కు చేత తీయిస్తాం. అంతవరకూ జమలో ఉంటుంది." మా ఆయనతో మెల్లగా, "అయిదింటికి మూడు కావాలన్నాను. ఇప్పటికి ఒక్కటీ కాల్చలేదు. ఏం రాయమంటారు?" అని అడిగాడు.

"కాల్చలేదు అని రాయండి. ఉన్నది రాయండి" అన్నారు మా ఆయన.

చొక్కాలోంచి మందు దులుపుకుంటూ కళ్ళు తుడుచుకున్నారు. వేళ్ళకి గుండ్ల మీది కాటుక అంటుకుని ఉంది. రెండు కళ్ళ కిందా, ఒక బుగ్గ మీదా నల్లగా అయింది, బారసాల నాటి పిల్లాడికి పెట్టినట్టు. ముందురోజే చూసి వచ్చాను కాబట్టి నాకు ఆ పోలిక తట్టింది. కొంగుతో తుడిచాను. జనం ఇంకా నూలు గురించే వాదించుకుంటున్నారు. ఎవరూ మావైపు చూడలేదు.

తిరుగు వ్యానులో సాయిబు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. సాతులూరు దాటాక తలెత్తి, "అక్కా, నేను దారం అనుకున్నా" అన్నాడు.

"దారమే తమ్ముడూ" అన్నాను.

తుపాకి మళ్ళీ రాలేదు. మెకానిక్కు బదిలీ అయ్యాడన్నారు, తర్వాత లైసెన్సు గడువు తీరిందన్నారు, ఆ తర్వాత అడగడం మానేశాం. మా ఆయన కాఫీ గ్లాసు ఇక రెండు చేతులతోనే పట్టుకునేవారు. ఆదివారాలు పొద్దున ఏడింటికి నూనె గుడ్డ తీసుకుని వసారాలో కూర్చుని, కాసేపటికి లేచి వంటింట్లోకి వచ్చి, కుట్టు మిషను తుడిచేవారు. కుట్టు మిషను అంతకుముందెప్పుడూ అంత బాగా నడవలేదు. 1990 నవంబరులో పోయారు. సంతాపం చెప్పడానికి వచ్చినవాళ్ళని తెచ్చిన రిక్షావాళ్ళలో ముగ్గురికి ఇల్లు దొరకలేదు.

పోయినవి ఇవి.

రైఫిలు ఒకటి. దాని కొత్త బారెలు, లోపలి గుండుతో సహా. బిగించి కాల్చని తూటాలు అయిదు, శెట్టిగారు తీసుకెళ్ళి విప్పేశారు. నలభై నంబరు పోగు, బెత్తెడు. కాటుక, సగం భరిణె. అట్ట, సగం, మేక తిన్నది. ఫిబ్రవరి 10న పొర్లిన నీళ్ళు, ఒక చెంబుడు. ఇత్తడి రింగు పోలేదు, నా దగ్గర ఉంది.

తుపాకి గారిల్లు అన్న పేరు. ఇప్పుడు ఎవరికైనా గుర్తు చెప్పాలంటే లేతు షాపు ఎదురిల్లు అని చెబుతున్నాం.